దించుకోని ఒకటి

ఈమధ్య దువ్వెన కొన్నా ఫోన్ నంబరు అడుగుతున్నారు. నేను దువ్వెన తీసుకున్నాను, దాని ఖరీదు ఇచ్చేశాను, ఇక నాకూ ఆ కొట్టుకూ మధ్య మాట్లాడుకోవాల్సిందేమీ మిగల్లేదని నా ఉద్దేశం. కౌంటర్లో అమ్మాయి ఉద్దేశం వేరు. వేళ్ళు కంప్యూటరు మీద ఆనించి, నేను నోరు విప్పేదాకా అలా చూస్తూనే ఉంటుంది. నంబరు ఇవ్వకపోతే బిల్లు రాదట. ఇస్తే మర్నాటినించీ కాఫీ వేళకి తప్పకుండా చీరల మీద తగ్గింపు కబుర్లు వస్తాయి. మొన్న విజయవాడలో విసుగొచ్చి, ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా చెప్పి, చివర మళ్ళీ ఒకటి అన్నాను. పది అంకెలు సరిపోయాయి. ఆ అమ్మాయి ఏ అనుమానమూ లేకుండా కొట్టి, "ఈ నంబరు చెల్లదంటోందండీ" అంది. చేసేదిలేక అసలు నంబరు ఇచ్చి బయటపడ్డాను గానీ, ఆ మాట మాత్రం కొంచెం గుచ్చుకుంది. నూట ఇరవై మూడు కోట్ల నలభై అయిదు లక్షల అరవై ఏడు వేల ఎనిమిది వందల తొంభై ఒకటి. మా ఇంట్లో ఏడాదికి పైగా భోజనాలు ఆలస్యమైంది ఆ నంబరు వల్లే. దాన్ని పనికిరాదన్నవాళ్ళలో ఈ అమ్మాయి రెండోది. మొదటి మనిషి మా మామ్మ.

మాది బందరు. రైల్వే బోర్డు మీద మచిలీపట్నం అని ఉంటుంది, అది పైఊరివాళ్ళ కోసం. తాతగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది స్కూలు నుంచే గానీ లెక్కల నుంచి కాదు. ఎవరైనా ఊరినుంచి వస్తే ముందు కాళ్ళు కడుక్కోమనేవారు, తర్వాత బస్సు టికెట్టు అడిగేవారు. టికెట్టు మీద నంబరు ముక్కుకి దగ్గరగా పెట్టుకుని, ఓ చిటికెడు నశ్యం పట్టించి, "పదిహేడు పెట్టు శేషం లేకుండా పోతుంది. పోగా మిగిలినదాన్ని ఇరవై మూడు పెట్టు కొట్టొచ్చు" అనేవారు. ప్రయాణం ఎలా జరిగిందన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. ఆ నశ్యం ఘాటూ, సముద్రపు గాలికి ఎప్పుడూ కొంచెం చెమ్మగా ఉండే గోడల వాసనా, వీధి అరుగు మీద ఆయన పడక కుర్చీ గుడ్డకి పట్టిన ఆముదం వాసనా కలిసిపోయి, ఇప్పటికీ ఎక్కడైనా పెద్ద అంకె కనపడితే నాకు తుమ్ము వస్తున్నట్టుంటుంది. ఆ ఇంట్లో తాతగారూ, మామ్మా, అమ్మానాన్నలూ, నేనూ, మా సుభద్రత్తయ్యా ఉండేవాళ్ళం. నాన్న బందరులోనే ఒక ఆఫీసులో గుమాస్తా. పెదనాన్న గుడివాడలో బళ్ళో లెక్కలు చెప్పేవాడు, శనివారం సాయంత్రం పాసింజరులో వచ్చి సోమవారం పొద్దున్న వెళ్ళిపోయేవాడు. అత్తయ్య వాళ్ళిద్దరి చెల్లెలు. నాకంటే అయిదారేళ్ళు పెద్దది, అంతే.

ఆ వేసవిలో అత్తయ్య ఎస్సెల్సీ ఫస్టు క్లాసులో పాసైంది. లెక్కల్లో వచ్చిన మార్కులు తాతగారు రెండుసార్లు చూసుకున్నారు. మామ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టింది. అక్కడితో ఆ ముచ్చట ముగిసిందని ఇంట్లో అందరూ అనుకుంటుండగా, అత్తయ్య అరుగు మీదికి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడి, కాలేజీలో చేరతానంది. తాతగారు కాదనలేదు. ఆయన దేనికీ కాదనేవారు కాదు, మాట ఇంకో దారికి మళ్ళించేవారు. పలకా బలపమూ తెమ్మన్నారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసగా రాసి, పక్కన మళ్ళీ ఒకటి రాయమన్నారు.

"దీన్ని ఏ అంకైనా నిశ్శేషంగా భాగిస్తుందో, భాగించదో తేల్చు. తేల్చిన రోజున కాలేజీ మాట మాట్లాడుకుందాం" అన్నారు.

తలుపు చాటు నుంచి వింటున్న మామ్మ, ఆడపిల్లకి అంత పనికిరాని అంకె ఎందుకని లోపలే గొణిగింది. మామ్మ లెక్క ఎప్పుడూ ఇంటి మనుషుల లెక్కే. కాలేజీకి వెళ్తే పప్పు రుబ్బే చెయ్యి ఒకటి తగ్గుతుంది.

ఈ పనిలో ఒక చిక్కుంది. ఆ అంకెను భాగించేది ఏదైనా ఉంటే, అది దొరికిన క్షణాన పని అయిపోతుంది. రేపే దొరకొచ్చు. ఏదీ లేకపోతే మాత్రం, లేదని చెప్పడానికి చివరిదాకా వెళ్ళాల్సిందే. చివర అంటే ఎక్కడ అన్నది అత్తయ్యే నాకు విడమరిచి చెప్పింది. భాగించేవి ఎప్పుడూ జంటలుగా ఉంటాయి. ఒకటి పెద్దదైతే దాని జోడు చిన్నదవుతుంది. అందుకని ఆ అంకె వర్గమూలం దాకా చూస్తే చాలు, అది ముప్పై అయిదు వేల చిల్లర. అందులోనూ అన్నిటితో భాగించక్కర్లేదు, ప్రధాన సంఖ్యలతో చేస్తే చాలు. రెండు పెట్టు పోకపోతే నాలుగు పెట్టూ ఎలాగూ పోదు కదా. ఇంత తగ్గించాక మిగిలిన భాగహారాలు మూడు వేల ఏడు వందల పైచిలుకు. "ఇంతేనే" అంది అత్తయ్య. నేను అప్పుడు ఆరో క్లాసు. నాకు ఇంటిపని లెక్కలు అయిదిస్తే జ్వరం వచ్చేది.

మొదట్లో పని చకచకా సాగింది. చివర ఒకటి ఉంది గనక రెండూ అయిదూ చూస్తూనే తప్పుకున్నాయి. అంకెలన్నీ కూడితే నలభై ఆరు, కాబట్టి మూడూ తప్పుకుంది. తాతగారు ఒక్క ఉపకారం చేశారు. కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా కోసి, ఎనిమిది వందల తొంభై ఒకటిలోంచి అయిదు వందల అరవై ఏడు తీసేసి, రెండు వందల ముప్పై నాలుగు కలిపి, ఒకటి తీసెయ్యమన్నారు. అయిదు వందల యాభై ఏడు వచ్చింది. దాన్ని ఏడూ పదకొండూ పదమూడూ భాగించవు గనక మన పెద్ద అంకెనూ భాగించవన్నారు. ఒక్క దెబ్బకి మూడు. ఆ తర్వాత ఆయన కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలారు, మిగిలినవి మాకు వదిలేసి.

మాకు అనే అంటున్నాను. పరీక్ష అత్తయ్యదే గానీ, వారం తిరక్కుండానే ఇల్లంతా దాంట్లోకి దిగిపోయింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు. తాతగారి దగ్గర పాత అర్ధసంవత్సర పరీక్షల జవాబు కాయితాలు ఒక పెట్టెడు ఉండేవి, వెనకవైపు ఖాళీగా. ఒక వైపు ఎవరో కుర్రాడి త్రిభుజం, రెండో వైపు మా భాగహారం. తప్పులు రెండు వైపులా ఉండేవి. నాన్న ఆఫీసులో టిఫిను వేళ రెండు మూడు చేసుకొచ్చేవాడు. అత్తయ్య మాత్రం వంటింట్లో గచ్చు మీద సుద్దముక్కతో చేసేది, ఒక చెయ్యి గరిటె మీద, ఒక చెయ్యి అంకెల మీద. మామ్మ తడిగుడ్డతో వచ్చి పూర్తికాని భాగహారాన్ని తుడిచేసి, "వంటలో సుద్ద పడుతుంది లేవే" అనేది. అత్తయ్య పక్క బండ మీద మళ్ళీ మొదలుపెట్టేది. ఇంట్లో మాడిన పప్పు వాసన వస్తే, అత్తయ్యకి మొండి అంకె తగిలిందని నాన్న చొక్కా కూడా విప్పకుండానే చెప్పేవాడు. ఎవరూ ఆ పప్పుకి వంక పెట్టేవాళ్ళు కారు. అమ్మ అయితే అడుగంటినదంతా తన విస్తట్లోనే వేసుకునేది. ఆ సంగతి నాకు నా సంసారంలో పప్పు మాడినప్పుడు తట్టింది, పప్పు చల్లారకముందే.

నా పని సరిచూడటం. దీనికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ అంకెకైనా దాని అంకెలు కూడుతూ పోయి, తొమ్మిదులు తీసేస్తే ఒక చిన్న అంకె మిగులుతుంది. మన పెద్ద అంకెకి అలా చేస్తే నలభై ఆరు, దాన్నించి పది, దాన్నించి ఒకటి. కాబట్టి భాజకానికీ భాగఫలానికీ అలాగే చేసి, రెంటినీ గుణించి, శేషం కలిపి మళ్ళీ తొమ్మిదులు తీసేస్తే చివరికి ఒకటే రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. వస్తే తప్పు లేదని గ్యారంటీ ఏమీ లేదు, ఉన్నా మర్యాదస్థురాలైన తప్పు అనుకోవాలి. పెద్దవాళ్ళు చేసిన లెక్కల్ని తప్పని కొట్టేసే అధికారం ఆరో క్లాసులో ఎంతమందికి దొరుకుతుంది? నేను నాన్న కాయితాలు వెనక్కి పంపించేదాన్ని, కాస్త అవసరానికి మించి గట్టిగా పిలుస్తూ.

పెదనాన్న తన వాటా రైల్లో చేసేవాడు. గుడ్లవల్లేరులోనో కవుతరంలోనో రైలు ఆగినప్పుడు వేసిన అంకెలు నిటారుగా ఉండేవి, కదులుతుండగా వేసినవి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయేవి. కాయితం చూస్తే ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగిందో తెలిసేది. కాలేజీలో చేరడానికి ఇంకో వారమే గడువున్న శనివారం అది. మేము ఇంకా మూడువేల ఆరు వందల దగ్గరే ఉన్నాం, ముప్పై అయిదు వేల దారిలో పదోవంతు వచ్చామంతే. చేరేదీ లేదు చేసేదీ లేదని అప్పటికి అందరికీ అర్థమైపోయింది, అత్తయ్యకి తప్ప. ఆ సాయంత్రం వీధిలో రిక్షా ఆగింది. మా పెదనాన్న స్టేషన్నుంచి రిక్షా ఎక్కడమంటే ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనే అర్థం. మామ్మ గుండెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెదనాన్న సంచీ కూడా దించకుండా, "పోయిందే సుభద్రా, మూడువేల ఆరువందల ఏడు పెట్టు పోయింది. సున్నా" అన్నాడు.

ఆ కాయితం చేతులు మారి అరుగు మీదికి వెళ్ళింది. తాతగారు దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని చూశారు. చాలాసేపే చూశారు. మడిచి పెదనాన్నకి ఇచ్చేసి, సోమవారం వెళ్ళి అప్లికేషను తెచ్చుకోమన్నారు అత్తయ్యని. మామ్మ మొహం ముడుచుకునే లోపలికెళ్ళింది గానీ పరమాన్నం మాత్రం వండింది, అదీ ఏలకులు వేసి. నాన్న పక్కింటివాళ్ళకి చెప్పొచ్చాడు. ఆ లెక్క సరిచూడమని నాకెవరూ ఇవ్వలేదు. గెలిచిన లెక్కని ఎవరు సరిచూస్తారు?

అత్తయ్య సరిచూసింది. అందరి భోజనాలూ అయ్యాక, ఎంగిళ్ళు ఎత్తి, గచ్చు తుడిచి, ఆ తడి ఆరకముందే ఒక మూల కూర్చుని సుద్దముక్క తీసింది. నేను పక్కనే గిన్నె నాకుతున్నాను. మూడువేల ఆరువందల ఏడు అంకెలు కూడితే పదహారు, అంటే ఏడు. పెదనాన్నకి వచ్చిన భాగఫలం ముప్పై నాలుగు వేల రెండు వందల ఇరవై ఏడు, కూడితే పద్దెనిమిది, అంటే సున్నా. ఏడు సున్నాలు సున్నా. రావాల్సింది ఒకటి. అత్తయ్య కాయితం విప్పింది. ఎనిమిది దించుకున్నాడు, తొమ్మిది దించుకున్నాడు, సరిగ్గా తొమ్మిది దగ్గర శేషం సున్నా వచ్చింది. కింద రెండు గీతలు కొట్టేశాడు. పైన చివరి ఒకటి అలాగే ఉండిపోయింది, దించుకునేవాళ్ళు లేక. రైలు పెడన దాటి చిలకలపూడి వస్తోంటే సున్నా కనపడేసరికి ఆయన ప్రాణం కాయితంలో లేదు, ఇంట్లో ఉంది. తన చెల్లెలికి ఆ సున్నా కావాలని ఆయనకంటే ఎక్కువ కోరుకున్నవాడు ఎవరూ లేరు. లెక్కల మాస్టారు అంకె దించుకోవడం మరిచిపోవడానికి ఇంతకంటే మంచి కారణం నేనింతవరకూ వినలేదు.

అత్తయ్య ఆ కాయితం మళ్ళీ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మూలన అప్పుడు మేమిద్దరమే ఉన్నాం. నాకు తొమ్మిదుల పద్ధతి వచ్చు గనక నాకూ తెలిసిపోయింది. ఆమె నావైపు చూసింది. నేను గిన్నె పక్కన పెట్టాను. గచ్చు మీద ఆ నాలుగంకెలూ చేత్తో తుడిచేస్తే సరిపోయేది, సోమవారం కాలేజీకి వెళ్ళొచ్చు. తుడవలేదు. లేచి అరుగు మీదికి వెళ్ళింది, నేను వెనకాలే వెళ్ళాను.

"నాన్నా, పెద్దన్నయ్య చివరి ఒకటి దించుకోలేదు. శేషం ఒకటి" అంది.

పెదనాన్న కాయితం లాక్కుని చూశాడు. "ఒకటే కదే అమ్మాయ్, వదిలెయ్" అన్నాడు. లెక్కలు చెప్పే మనిషి ఆ మాట అనడం ఆయన ఉద్యోగంలో అదే మొదలూ ఆఖరూ అయుంటుంది.

తాతగారు నశ్యం డబ్బీ మూత తీసి, మళ్ళీ పెట్టేసి, "అయితే మూడువేల ఆరువందల పదమూడు నుంచి కానియ్యి" అన్నారు.

ఆ వారం కాలేజీ గడువు అయిపోయింది. అత్తయ్య ఏడ్చిందో లేదో నాకు తెలీదు. మర్నాడు పప్పు మాత్రం మాడలేదు, అందుకే అందరికీ భయమేసింది. మూడో రోజున మళ్ళీ మాడింది, అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఇల్లంతా అదే పని చేసింది. పెదనాన్న ప్రతి కాయితం మీదా చివరి ఒకటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టుకుని మరీ రైలెక్కేవాడు. నాన్న పేపరు చదవడం మానేశాడు. అమ్మ రుబ్బురోలు దగ్గర తన వంతూ అత్తయ్య వంతూ తనే చేసేది. మామ్మ నెలకొకసారి ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగేది, ఎన్ని ఉన్నాయంటే ఏమిటో తెలియకుండానే నిట్టూర్చేది. ఓ వర్షాకాలం రోజున ఆమె గచ్చు తుడుస్తూ తుడుస్తూ అత్తయ్య భాగహారం చుట్టూ తుడిచి, దాన్ని దీవిలా వదిలేసింది. ఎవరూ ఆమెకి ఆ సంగతి ఎత్తిచూపలేదు. ఎత్తిచూపితే తుడిచేసేది.

మరుసటి వేసవి మామిడిపళ్ళు అయిపోతుండగా ఆఖరి భాగహారం అయింది. అదీ పోలేదు. ఏదీ పోలేదు. మా ఇంటిల్లిపాదీ ఏడాదికి పైగా కష్టపడి కనిపెట్టింది, ఆ అంకెను ఏదీ ఏమీ చెయ్యలేదని. అత్తయ్య అరుగు మీదికెళ్ళి అదే చెప్పింది. తాతగారు కాలేజీ ఎప్పుడు తెరుస్తారని అడిగారు. అత్తయ్య పి.యు.సి.లో చేరింది, బీఎస్సీ చేసింది, వాల్తేరు వెళ్ళి ఎమ్మెస్సీ చదివింది, అవనిగడ్డలో కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి రిటైరైంది. మామ్మ చివరిరోజుల్లో చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ మా అమ్మాయి నంబర్లలో చదివిందండీ అని చెప్పేది.

పోయిన నెల మోపిదేవి దర్శనానికి వెళ్ళి, తిరుగుదారిలో అవనిగడ్డలో అత్తయ్య దగ్గర ఆగాను. ఆమె ఇంటి వరండా నిండా చెప్పులు. లోపల పోటీ పరీక్షల పిల్లలు. వాళ్ళని పంపించి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. మోకాళ్ళు సహకరించక కుర్చీలోనే, కళ్ళజోడు ముక్కు కొసకి జారిపోయి. నేను గొప్పగా ఫోన్ తీసి, ఆ పది అంకెలూ కొట్టి చూపించాను. నా వేలు తీసేలోపలే ప్రధాన సంఖ్య అని వచ్చేసింది. ఆమె తల ఎత్తకుండా, "ఆ" అంది. వాన పడుతోందని చెప్తే అన్నట్టు. నాకైతే ఆ ఫోన్ మీద జాలేసింది. దానికి జవాబు దొరికింది గానీ ఇంకేం దొరకలేదు. ఎవరూ దానికోసం అడుగంటిన పప్పు తినలేదు. నేను బ్యాంకులో ఇన్నేళ్ళు అంకెల మధ్య భయం లేకుండా బతికానంటే ఆ గచ్చు చలవే. చాలాసేపు వెతికి ఏమీ లేదని తేలినా అదీ ఒక ఫలితమేనని ఆ ఇల్లే నేర్పింది. ఇదంతా రాస్తున్నానని అత్తయ్యకి చెప్పాను.

చెప్పి, చాలా ఏళ్ళుగా నేను పెళ్ళిళ్ళలోనూ మనవల దగ్గరా చెప్తూ వస్తున్న మాట కూడా చెప్పాను. ఆ శనివారం తాతగారికి ఆ తప్పు కనపడకుండా ఉంటుందా? బస్సు టికెట్టుని ముక్కలు చేసే మనిషికి, దించుకోని ఒకటి కనపడదా? ఆయన చూశారు, చూసీ ఊరుకున్నారు, నువ్వు చదువుకోవాలని. అసలు ఆ లెక్క ఇవ్వడమే నిన్ను పదును పెట్టడానికి. మావాళ్ళందరం అదే అనుకుంటాం, ఎంత పెద్దమనసో అనుకుంటాం. నువ్వేమంటావు అత్తయ్యా అని అడిగాను.

అత్తయ్య చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది.

"మీ నాన్ననీ, మీ పెదనాన్ననీ కాలేజీకి పంపేముందు ఏ లెక్కా చెయ్యమనలేదే ఆయన."